మీ గ్రంథాలయానికి ఏ నిధి సరిపోతుంది? విశాఖ నుంచి ఒక పోలిక

పోయిన వానాకాలం గాజువాక వైపు నుంచి ఒక కాలనీ గ్రంథాలయ కమిటీ వాళ్లు ముగ్గురు మా రీడింగ్ రూముకి వచ్చారు. చేతిలో నాలుగు పేజీల అర్జీ. పది కంప్యూటర్లు, ఆర్‌ఎఫ్‌ఐడీ గేటు (పుస్తకాలకి అతికించిన ట్యాగుల్ని పసిగట్టేది), రెండు ఏసీలు, డిజిటల్ లైబ్రరీ, అన్నీ కలిపి పన్నెండు లక్షలు. "ఎవరికి పెట్టమంటారు మాస్టారూ, కలకత్తాకా, కలెక్టరాఫీసుకా?" అని అడిగారు. అర్జీ చదివే ముందు నేను రెండు ప్రశ్నలు వేశాను. సొసైటీ రిజిస్ట్రేషన్ అయిందా? నెలకి కరెంటు బిల్లు ఎంత వస్తోంది, ఎవరు కడుతున్నారు? మొదటి ప్రశ్నకి "పెట్టబోతున్నామండీ" అన్నారు. రెండోదానికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పెదవాల్తేరులో ఒక చిన్న గ్రంథాలయానికి పద్నాలుగేళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను. నిధుల కోసం తిరిగాను, కొన్ని తెచ్చుకున్నాను, కొన్ని పోగొట్టుకున్నాను. చాలామంది మొత్తం చూసి తలుపు ఎంచుకుంటారు. ఎక్కువ ఇచ్చేదెవరు అన్నది మొదటి ప్రశ్న అయిపోతుంది. నా అనుభవంలో అది చివర్న అడగాల్సింది. గ్రాంటు వస్తువుని కొనిపెడుతుంది, ఆ వస్తువుని నడిపే మనిషిని ఇవ్వదు. మూడో ఏడు ఆ కంప్యూటర్ వెలగాలంటే మీ జేబులో ఏముండాలో చూసుకుని, దానికి తగ్గ పథకాన్ని ఎంచుకోవాలి.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, కాగితం మీద మీరెవరు? ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద నమోదైన సొసైటీనా, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖా గ్రంథాలయమా, ప్రభుత్వ పాఠశాలా, కాలేజీనా? సగం తలుపులు ఇక్కడే తెరుచుకుంటాయి, సగం ఇక్కడే మూసుకుపోతాయి. నలుగురు కలిసి గది అద్దెకి తీసుకుని పుస్తకాలు పెట్టి ఎంత మంచి సేవ చేస్తున్నా, రిజిస్ట్రేషన్ లేకపోతే ప్రభుత్వ డబ్బు ఒక్క రూపాయి కూడా మీ ఖాతాలో పడదు. కేంద్ర మంత్రిత్వ శాఖల నుంచి సాయం కావాలంటే నీతి ఆయోగ్ నడిపే ఎన్జీవో దర్పణ్ పోర్టల్లో నమోదై ఆ గుర్తింపు సంఖ్య కూడా తీసుకోవాలి. సంస్థ పేరు మీద పాన్, సంస్థ పేరు మీద బ్యాంకు ఖాతా, ఆడిట్ అయిన లెక్కలు ఇవన్నీ దాని వెనకే వస్తాయి.

రెండోది, ఆ పథకం దేనికి ఇవ్వదో ముందు చదవండి. దేనికి ఇస్తుందో అందరూ చదువుతారు. జీతాలు, కరెంటు, ఇంటర్నెట్, ఏఎంసీ (యంత్రాల వార్షిక నిర్వహణ ఒప్పందం), యూపీఎస్ బ్యాటరీల మార్పు, ఈ ఐదూ దాదాపు ప్రతి పథకంలోనూ మీ నెత్తి మీదే పడతాయి. మా దగ్గర జరిగింది చెబుతాను. ఒక పథకం కింద నాలుగు కంప్యూటర్లు, ఒక యూపీఎస్ వచ్చాయి. బీచికి అరకిలోమీటరు దూరంలో కిటికీ పక్కన పెట్టాం. మొదటి ఏడాది పిల్లలు వరసలో నిలబడి వాడారు. రెండో వేసవికి యూపీఎస్ వెనక స్క్రూలు ఎర్రగా తుప్పు పట్టాయి, వేలు పెడితే పొడి రాలింది. బ్యాటరీలు పోయాయి. కొత్త బ్యాటరీలకి చందా పోగు చేయడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ నాలుగు కంప్యూటర్ల మీదా గుడ్డలు కప్పి ఉన్నాయి. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో పరికరాల ఖర్చు లెక్కేసేటప్పుడు, ప్రతి ఏడూ కొంత మొత్తం మరమ్మతుకి పక్కన పెట్టుకోకపోతే ఇదే అవుతుంది.

మూడోది, మీ వాటా. కొన్ని పథకాల్లో సంస్థ కూడా కొంత పెట్టాలి. ఆ డబ్బు దాతలు ఇస్తామన్న మాట రూపంలో ఉంటే చాలదు, ఖాతాలో కనబడాలి.

నాలుగోది, ఎంతకాలం పడుతుంది, డబ్బు ఖర్చు పెట్టాక లెక్క ఎలా చెప్పాలి. దీని గురించి కింద విడిగా రాశాను, ఎందుకంటే ఎక్కువ గ్రంథాలయాలు రెండో గ్రాంటు పోగొట్టుకునేది ఇక్కడే.

ఒక్క చూపులో

| దారి | ఎవరికి | ఏం వస్తుంది | ఇబ్బంది ఎక్కడ |
|---|---|---|---|
| జిల్లా గ్రంథాలయ సంస్థ | శాఖా గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రం (ఊళ్లో సంస్థ పుస్తకాలు ఉంచే చోటు) కోరే ఊళ్లు | పుస్తకాలు, పత్రికలు, సిబ్బంది | సెస్సు జమను బట్టి డబ్బు |
| రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ | రిజిస్టరైన సొసైటీలు, ప్రభుత్వ గ్రంథాలయాలు | పుస్తకాలు, అలమరాలు, కంప్యూటర్లు, గదులు, బాలల విభాగం | రాష్ట్ర స్థాయి సిఫారసు, ఓపిక |
| ఎంపీ నిధులు | ప్రజలందరికీ తెరిచి ఉండే గ్రంథాలయం | భవనం, గదులు, పరికరాలు | నడిపే ఖర్చు రాదు |
| సమగ్ర శిక్ష | ప్రభుత్వ పాఠశాలలు | ఏటా రూ. 5,000 నుంచి రూ. 20,000 | టెక్నాలజీకి చాలదు |
| కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధి) | ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ, 80జి గుర్తింపులు ఉన్న సంస్థలు | దాదాపు ఏదైనా | ఏటా మారే ప్రాధాన్యాలు |
| ఉచిత జాతీయ సేవలు | అందరూ | సాఫ్ట్‌వేర్, ఈ-పుస్తకాలు | నేర్పే మనిషి కావాలి |

జిల్లా గ్రంథాలయ సంస్థ

1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఇంట్లో పన్ను రసీదు ఉంటే తీసి చూడండి, ఆ గడి కనబడుతుంది. స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. శాఖా గ్రంథాలయాలు నడిచేది దీనిమీదే. అంటే మీ వీధి చివర గ్రంథాలయంలో పత్రిక రాకపోతే, అది మీరు డబ్బు కట్టిన సేవే. అడిగే హక్కు మీకుంది.

సొంతంగా గ్రంథాలయం పెట్టాలనుకునే చిన్న ఊళ్లకి నేను చెప్పేది, ముందు పుస్తక నిక్షిప్త కేంద్రం కోసం సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టండని. ఊరివాళ్లు గది, బాధ్యత తీసుకునే మనిషి చూపిస్తే పుస్తకాలు సంస్థ వైపు నుంచి వస్తాయి. డబ్బు చేతికి రాదు కాబట్టి లెక్కల తలనొప్పి కూడా లేదు. కంప్యూటర్ల కోసం ఈ తలుపు తట్టకండి, సమయం వృథా. మీరు శాఖా గ్రంథాలయాధికారి అయితే మాత్రం మీ అర్జీ ఏదైనా ఇక్కడి నుంచే పైకి వెళ్లాలి.

కలకత్తా ఫౌండేషన్

మనవాళ్లు "కలకత్తా గ్రాంటు" అనేది కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ఇచ్చేదాన్నే. రామ్మోహన్ రాయ్ పుట్టిన 200 ఏళ్ల సందర్భంగా 1972లో ఏర్పడిన సంస్థ, కేంద్ర సాంస్కృతిక శాఖ కింద స్వయంప్రతిపత్తితో పనిచేస్తుంది. దేశంలో పౌరగ్రంథాలయాలకి నేరుగా సాయం చేసే ప్రధానమైన కేంద్ర సంస్థ ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఇందులో రెండు రకాల పథకాలున్నాయి. ఒకటి మ్యాచింగ్. రాష్ట్ర ప్రభుత్వం కొంత వాటా వేస్తే ఫౌండేషన్ తన వాటా కలుపుతుంది, ఆ ఉమ్మడి నిధి నుంచి రాష్ట్ర గ్రంథాలయ కమిటీ ఏ గ్రంథాలయానికి ఏమివ్వాలో నిర్ణయిస్తుంది. పుస్తకాల సేకరణ, సంచార గ్రంథాలయాలు, అలమరాలు, గదుల విస్తరణ, కంప్యూటర్లు ఈ జాబితాలో ఉంటాయి. ఇక్కడ మీ చేతిలో ఉన్నది తక్కువ. రాష్ట్రం ఆ ఏడాది ఎంత వాటా వేసిందన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది.

రెండోది నాన్ మ్యాచింగ్, అంటే రాష్ట్రం వాటాతో ముడిపడనిది. సొసైటీలు కళ్లు పెట్టాల్సింది దీనిమీద. పౌరగ్రంథాలయ సేవ చేసే స్వచ్ఛంద సంస్థలకి సాయం, బాలల గ్రంథాలయం లేదా బాలల విభాగం, దివ్యాంగుల కోసం ప్రత్యేక మూల, సెమినార్లు, ఇవి ఈ కోవలోకి వస్తాయి. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. గ్రంథాలయం పెట్టి 50, 60, 75, 100, 125, 150 ఏళ్లు నిండిన సందర్భానికీ సాయం చేసే పథకం ఉంది. ఉత్తరాంధ్రలో వందేళ్లు దాటిన గ్రంథాలయాలకి కొదవ లేదు. ఇక్కడి నుంచి శ్రీకాకుళం దాకా ఎన్ని ఊళ్లలో పాత బోర్డులు వెలిసిపోయి వేలాడుతున్నాయో చూస్తే మనసు పట్టేస్తుంది. మీ గ్రంథాలయం పుట్టిన సంవత్సరం రుజువు చేసే కాగితం ఏదైనా, పాత మినిట్స్ పుస్తకమో, శంకుస్థాపన రాయి ఫొటోనో, ఉంటే ఇప్పుడే జాగ్రత్త చేయండి. అదే మీ అర్హత.

దివ్యాంగుల మూల గురించి ఒక మాట. పోటీ తక్కువగా ఉండే అర్జీ అది, ఖర్చు కూడా తక్కువే. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీది రాతని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఉచితం. చూపులేనివాళ్ల కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్లో ఉంది. ఒక కంప్యూటర్, ఒక మంచి హెడ్‌ఫోన్, మెట్ల దగ్గర ఒక ర్యాంపు, వారానికి రెండు రోజులు కూర్చునే వాలంటీరు ఉంటే మూల సిద్ధం. మా దగ్గరికి వచ్చే డిగ్రీ కుర్రాడు మొదటిసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక పేజీ మొత్తం తనంతట తాను విన్న రోజు, గదిలో మిగతావాళ్లంతా పేపరు తిప్పడం ఆపేశారు.

ఈ తలుపులో ఇబ్బంది ఓపిక. అర్జీ జిల్లా నుంచి రాష్ట్ర పౌరగ్రంథాలయ శాఖకి, అక్కడి సిఫారసుతో కలకత్తాకి వెళ్లాలి. ఏదో ఒక కాగితం తక్కువైందని వెనక్కి వస్తే మళ్లీ మొదటికి. ఈ ఏడాది పరీక్షల సీజనుకి కంప్యూటర్లు కావాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు. రెండు మూడేళ్ల ప్రణాళిక ఉన్నవాళ్లకి మాత్రం దీనికి మించింది లేదు.

ఎంపీ నిధులు

ప్రతి ఎంపీకీ ఏటా రూ. 5 కోట్ల పనులు సిఫారసు చేసే వీలుంది. డబ్బు ఎంపీగారి చేతికి రాదు. ఆయన సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం పరిశీలించి మంజూరు చేస్తుంది. మన దగ్గర కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళిక అధికారి కార్యాలయం ఈ ఫైళ్లు చూస్తుంది.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు నియోజకవర్గం దగ్గర. పెందుర్తి నగరంలో కలిసిపోయినట్టే ఉంటుంది కానీ లోక్‌సభకి అది అనకాపల్లి కిందికి వస్తుంది. శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో ఉన్నా విశాఖ లోక్‌సభ స్థానంలో ఉంది. పెందుర్తి కమిటీ విశాఖ ఎంపీ ఆఫీసు చుట్టూ ఆరు నెలలు తిరిగితే చెప్పులు అరగడమే. రాజ్యసభ సభ్యులైతే రాష్ట్రంలో ఎక్కడైనా పనులు సిఫారసు చేయవచ్చు, కాబట్టి ఆ దారి కూడా చూడండి. ఎస్సీ, ఎస్టీ జనాభా ఉన్న ప్రాంతాలకి ఏటా కనీసం 15 శాతం, 7.5 శాతం చొప్పున పనులు సిఫారసు చేయాలన్న నియమం ఉంది. మీ రీడింగ్ రూము అలాంటి పేటలో ఉంటే అర్జీ మొదటి పేరాలోనే ఆ మాట రాయండి.

ఈ డబ్బు నిలిచి ఉండే ఆస్తుల కోసం. గది, పైకప్పు, కంప్యూటర్ల లాంటివి. సొసైటీకి ఇస్తే ఆ ఆస్తి ప్రజలందరికీ తెరిచి ఉంచుతామని ఒప్పందం రాసివ్వాలి. "సభ్యులకు మాత్రమే" అన్న బోర్డు ఉన్న గ్రంథాలయాలు ముందు ఆ బోర్డు తీసేయాలి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న ఊరిని ఊపేశాక రేకులు ఎగిరిపోయిన గదులెన్నో చూశాం. పైకప్పు బలంగా లేని గదిలో కంప్యూటర్లు పెట్టడం కంటే, ఎంపీ నిధితో ముందు స్లాబు వేయించుకుని, పరికరాలు వేరే పథకం నుంచి తెచ్చుకోవడం మంచిదని నా నమ్మకం.

బడి, కాలేజీ, తాళపత్రాలు

ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయులకి చెప్పేది కొంచెమే. సమగ్ర శిక్ష కింద గ్రంథాలయానికి ఏటా బడి స్థాయిని బట్టి రూ. 5,000 నుంచి రూ. 20,000 వరకు వస్తుంది. దాన్ని పుస్తకాలకే ఖర్చు పెట్టండి. డిజిటల్ కోసం అందులోంచి కోత వేయొద్దు. పిల్లల చేతికి పుస్తకం ఇవ్వండి, తెర మీద చదవాల్సినవి నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ దాన్ని నడుపుతోంది, బడి తరఫున క్లబ్బుగా కూడా చేరవచ్చు.

ప్రభుత్వ కాలేజీల్లో జర్నళ్ల కోసం ఎవరూ ఇప్పుడు గ్రాంటు వెతుక్కోనక్కర్లేదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఒకే దేశం ఒకే చందా పథకం కింద 30 ప్రచురణ సంస్థలకి చెందిన 13,000కి పైగా జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకి అందుతాయి. మూడేళ్లకి రూ. 6,000 కోట్లు కేటాయించారు. ప్రైవేటు కాలేజీ అయితే ఇది మీకు కాదు.

ఇంట్లోనో గ్రంథాలయంలోనో తాళపత్రాలు ఉన్నవాళ్లు వాటిని సొంతంగా ఫోన్‌తో స్కాన్ చేసి బీరువాలో పెట్టేసి పని అయిపోయిందనుకోకండి. కోటికి పైగా రాతప్రతుల్ని గుర్తించి భద్రపరచడానికి 2025 బడ్జెట్‌లో జ్ఞాన భారతం మిషన్ ప్రకటించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో తాళపత్రాలతో పనిచేసినవాళ్లున్నారు. వెళ్లి అడగండి. పురుగు పట్టిన ఆకుని తుడవడానికి కూడా ఒక పద్ధతుంది.

సీఎస్ఆర్ గురించి

ఇది ప్రభుత్వ గ్రాంటు కాదు. అయినా విశాఖలో దీన్ని వదిలేసి మాట్లాడలేం. రిఫైనరీ, షిప్‌యార్డ్, పోర్టు, స్టీల్ ప్లాంట్ చుట్టూ పెరిగిన ఊరు మనది. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 135 కింద అర్హత ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి, తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. షెడ్యూల్ 7లో పౌరగ్రంథాలయాల ఏర్పాటు అని స్పష్టంగానే ఉంది. ఆ మాటని అర్జీలో ఉటంకించండి, చదివే అధికారికి పని తేలికవుతుంది.

ప్రభుత్వ పథకం కంటే ఇందులో వెసులుబాటు ఎక్కువ. మూడేళ్ల ఇంటర్నెట్, ఒక మనిషి జీతం కూడా ప్రాజెక్టు ఖర్చుగా అడగవచ్చు. ఇంకెక్కడా దొరకనిది అదే. కానీ సంస్థకి 12ఎ, 80జి గుర్తింపులుండాలి, ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి, సీఎస్ఆర్-1 ఫారం ద్వారా కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదవ్వాలి. లాభాలు తగ్గిన ఏడాది ఆ డబ్బూ తగ్గుతుంది. ఈ ఏడాది ఇచ్చినవాళ్లు వచ్చే ఏడాది ఇస్తారన్న భరోసా లేదు. మా పక్క కాలనీ సంస్థ ఒకటి జీతం మొత్తం దీనిమీదే పెట్టుకుని, రెండో ఏడాది గుమాస్తాని మాన్పించాల్సి వచ్చింది. ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి చెప్పింది నేనే.

డబ్బు అడగక ముందు ఉచితంగా చేయగలిగింది

గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు అడిగే అర్జీని నేనైతే పక్కన పెట్టేస్తాను. ప్రభుత్వ గ్రంథాలయాలకి కేంద్ర ప్రభుత్వ సమాచార సాంకేతిక సంస్థ ఎన్ఐసీ తయారు చేసిన ఈ-గ్రంథాలయ ఉంది. సొసైటీలకి కోహా ఉంది. 2000 సంవత్సరంలో న్యూజిలాండ్‌లో ఒక పౌరగ్రంథాలయం కోసం రాసి అందరికీ వదిలేసిన సాఫ్ట్‌వేర్ అది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. కొనాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, దాన్ని అమర్చి నేర్పే మనిషి సమయం. 1930ల్లోనే గ్రంథాలయ శాస్త్రం బోధన మొదలైన విశ్వవిద్యాలయం మన ఊళ్లో ఉంది. ఆ విభాగం విద్యార్థుల్ని ప్రాజెక్టు పనిగా పంపమని లెటర్‌హెడ్ మీద అడగండి.

తెలుగు గ్రంథాలయాలకి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. మా పుస్తకాల జాబితా ఆరు వేల రెండొందల పేర్లు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైపు చేయించాం. అందంగా ప్రింటు తీసుకుని బైండు చేయించాం. కోహాలోకి ఎక్కించిన రోజు తెర మీద తెలుగు పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన చెత్తగా మారిపోయాయి. పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీద తెలుగు బొమ్మలు వేస్తాయి, ఫాంటు తీసేస్తే తెలుగు ఉండదు. కన్వర్టర్లు కొంత పనిచేశాయి, ఒత్తుల దగ్గర తడబడ్డాయి. "శ్రీ" ఉన్న ప్రతి పేరునీ చేత్తో దిద్దుకున్నాం. కాబట్టి డేటా ఎంట్రీకి కొటేషన్ తీసుకునేటప్పుడు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లోనే చేయాలని రాతలో పెట్టించండి. అడిగితే తెల్లమొహం వేసేవాళ్లకి పని ఇవ్వకండి.

ఇక ఆర్‌ఎఫ్‌ఐడీ. పదివేల లోపు పుస్తకాలున్న గ్రంథాలయానికి బార్‌కోడ్ చాలు. ఒక స్కానర్, స్టిక్కర్లు, సాధారణ ప్రింటర్‌తో పని నడుస్తుంది. ఆర్‌ఎఫ్‌ఐడీకి ప్రతి పుస్తకానికీ ట్యాగు కొనాలి, గేటుకి కరెంటు ఆగకూడదు, పాడైతే బాగుచేసేవాడు ఊళ్లో ఉండాలి. రోజుకి వందల పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే చోట దానికి విలువుంది. ముప్పై పుస్తకాలు కదిలే చోట ఆ డబ్బుతో నాలుగు ఫ్యాన్లు, ఎనిమిది టేబుల్ లైట్లు, పదహారు ఛార్జింగ్ పాయింట్లు పెడితే గ్రంథాలయం నిండుతుంది. ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలోనో, మీ దగ్గర్లోని రీడింగ్ రూములోనో ఒక సాయంత్రం కూర్చుని చూడండి. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలు ఫోను తెచ్చుకుంటారు, పుస్తకాలూ తెచ్చుకుంటారు. వాళ్లకి కావాల్సింది కుర్చీ, వెలుతురు, వైఫై, రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచే మనిషి.

ఎవరికి ఏది?

రిజిస్ట్రేషన్ కొత్తగా అయిన కాలనీ సొసైటీ అయితే, మొదటి ఏడాది ఏ గ్రాంటూ అడగకండి. దర్పణ్ నమోదు, ఆడిట్, యూనికోడ్ జాబితా పూర్తి చేయండి. మూడేళ్ల పని అనుభవం వచ్చాకే సీఎస్ఆర్ చిన్న మొత్తం, ఆ తర్వాత కలకత్తా నాన్ మ్యాచింగ్. తొందరపడి మొదటి ఏడాదే పెద్ద అర్జీ పెట్టి తిరస్కారం తెచ్చుకుంటే మళ్లీ అడగడానికి కమిటీలో ఎవరికీ మనసు రాదు.

వందేళ్ల పాత గ్రంథాలయానికి కలకత్తా ఫౌండేషన్ మొదటి తలుపు. భవనం కూలేలా ఉంటే ఎంపీ నిధి ముందు.

శాఖా గ్రంథాలయాధికారి సొంతంగా ఎక్కడికీ వెళ్లలేరు, కానీ పాఠకుల సంఘం పేరుతో ఊరివాళ్లు ఇచ్చే అర్జీకి బలం ఎక్కువ. సందర్శకుల రిజిస్టరు మూడు నెలలది జెరాక్స్ తీసి జతచేయండి. రోజుకి ఎంతమంది వస్తున్నారో సంతకాలతో కనబడితే ఎవరూ కాదనలేరు.

పాడేరు, అరకు వైపు ఊళ్లవాళ్లకి నా సలహా వేరు. అక్కడ నెట్ సిగ్నల్ నమ్ముకుని డిజిటల్ లైబ్రరీ అడగకండి. పుస్తకాలు, సోలార్ దీపం, ఆఫ్‌లైన్‌లో పుస్తకాలు నింపిన ఒక ల్యాప్‌టాప్ అడగండి. ఎంపీ నిధుల్లో ఎస్టీ ప్రాంతాల వాటా మీకు అనుకూలం.

లెక్క చెప్పే రోజు

కేంద్ర నిధి ఏదైనా వినియోగ ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి, ఆఫీసుల్లో యూసీ అంటారు. జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో దానికి 12-ఎ నమూనా ఉంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల్లోపు అందాలి. అది అందకపోతే తర్వాతి విడత రాదు, కొత్త అర్జీ కదలదు. గ్రాంటు మీద బ్యాంకు వేసిన వడ్డీ కూడా మీది కాదు, తిరిగి ప్రభుత్వానికి జమ చేయాలి. అందుకే గ్రాంటుకి విడిగా ఒక ఖాతా తెరవండి. చందాలతో కలిపితే వడ్డీ విడదీయడానికి ఆడిటర్ దగ్గర రెండు రోజులు కూర్చోవాలి.

నేను కష్టపడి నేర్చుకున్నది బిల్లు గురించి. అలమరాలు కొన్న రోజు షాపులో "పేరేం రాయమంటారు సార్?" అంటే నా పేరు చెప్పాను. కొన్నది గ్రంథాలయానికే, డబ్బూ గ్రంథాలయానిదే. ఆడిటర్ ఆ బిల్లు పక్కన పెన్సిల్‌తో గుండ్రంగా సున్నా చుట్టి, "ఇది మీ సొంత కొనుగోలు అవుతుందండీ" అన్నారు. బిల్లు మార్చి ఇవ్వడానికి షాపువాళ్లు ఒప్పుకోలేదు, జీఎస్టీ రిటర్ను వేసేశామన్నారు. ముప్పై ఎనిమిది వేలు నా జేబులోంచి కట్టి యూసీ పూర్తి చేశాను. సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న రబ్బరు స్టాంపు అప్పటి నుంచి నా సంచిలోనే ఉంటుంది. బిల్లు చేతికి రాగానే పేరు చూసుకుని, వెనక స్టాంపు వేసి, ఆస్తుల రిజిస్టరులో నంబరు రాసి, ఆ నంబరుని అలమరా మీద పెయింటుతో రాయిస్తున్నాం. గ్రాంటుతో కొన్న వస్తువుని అనుమతి లేకుండా అమ్మకూడదు, ఎవరికీ ఇచ్చేయకూడదు. పాడైన కంప్యూటర్‌ని కూడా మూలన ఉంచాల్సిందే, తీసేయడానికి రాతపూర్వకంగా అడగాలి.

గాజువాక వాళ్ల అర్జీ ఇప్పుడు రెండు పేజీలైంది. ఆర్‌ఎఫ్‌ఐడీ, ఏసీలు పోయాయి. రెండు కంప్యూటర్లు, బాలల మూల, టేబుల్ లైట్లు మిగిలాయి. రిజిస్ట్రేషన్ కాగితం వచ్చింది, దర్పణ్ నంబరు కోసం చూస్తున్నారు. కరెంటు బిల్లుకి ఇరవై ఇళ్లు నెలకి వంద రూపాయల చొప్పున రాసిచ్చాయి, ఆ జాబితా కూడా అర్జీకి జతచేశారు. వాళ్లకి నేను ఆఖర్న చెప్పింది మీకూ చెబుతున్నాను. మూడు సెట్లు తీయండి, ఒకటి మీ దగ్గర ఉంచుకునేది. తపాలా సెక్షన్‌లో ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకునే దాకా ఆ కిటికీ దగ్గర్నుంచి కదలకండి.